కడలి అడుగున అడవి

పాఠ్యభాగ పరిచయం

కొండ మీద చెట్లు కొట్టివేస్తే దారిన పోయేవారికి కూడా తెలుస్తుంది. సముద్రం అడుగున ఉన్న అడవి నశిస్తే ఒడ్డున నిలబడినవారికి తెలియదు. పైన అలలు ఎప్పటిలాగే కదులుతుంటాయి. అలాంటి ఒక అడవికి వచ్చిన ఆపదను గుర్తించి, లెక్క రాసి, లోకానికి తెలియజేసినవారిలో సరదా కోసం నీటిలోకి దిగినవారు ఎందరో ఉన్నారు. ఆ అడవిని గురించి, వారిని గురించి తెలుపటం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

అమెరికా సంయుక్త రాష్ట్రాలకు పడమట పసిఫిక్ మహాసముద్రం ఉంది. ఆ తీరాన, కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి దక్షిణంగా మాంటెరీ అఖాతం ఉంది. ఇది సమశీతోష్ణ మండలానికి చెందిన తీరం. మన దేశంలో అండమాన్, లక్షద్వీపాల దగ్గర, కర్ణాటకలో మురుడేశ్వరానికి ఎదురుగా ఉన్న నేత్రాణి దీవి దగ్గర సముద్రంలో మునిగేవారికి వెచ్చని నీళ్ళు, పగడాలు కనిపిస్తాయి. మాంటెరీలో నీళ్ళు చల్లగా ఉంటాయి. వాటి ఉష్ణోగ్రత సాధారణంగా 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. అక్కడ పగడపు దిబ్బలు లేవు. వాటికి బదులు ఒక అడవి ఉంది.

అది కెల్ప్ అనే గోధుమరంగు సముద్రపు నాచు పెరిగిన అడవి. నాచు అనగానే మనకు చెరువు మెట్ల మీద కాలు జారే పచ్చని పొర గుర్తుకు వస్తుంది. జెయింట్ కెల్ప్ మాత్రం 30 మీటర్లకు పైగా పెరుగుతుంది. అంటే పది అంతస్తుల మేడంత ఎత్తు! దానికి నిజమైన వేళ్ళు ఉండవు. వేళ్ళలాగా అల్లుకున్న ఒక భాగం అడుగునున్న రాతిని గట్టిగా పట్టుకొని ఉంటుంది. ఆకులాంటి ప్రతి భాగం మొదట గాలి నిండిన చిన్న బుడగ ఉంటుంది. ఆ బుడగలే కెల్ప్‌ను నీటిలో నిటారుగా నిలిపి సూర్యకాంతి వైపు ఎత్తి పట్టుకుంటాయి. పరిస్థితులు అనుకూలిస్తే అది ఒక్కరోజులో అర మీటరు దాకా పెరగగలదు.

ఇంత పెరుగుదలకు బలం ఎక్కడినుంచి వస్తుంది? వసంతకాలంలో వాయవ్య దిశ నుంచి గాలులు తీరం వెంబడి వీస్తాయి. ఆ గాలుల వల్ల, భూభ్రమణం వల్ల తీరం దగ్గరి పైనీరు సముద్రం లోపలికి జరుగుతుంది. ఆ చోటును నింపటానికి లోతు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. అందులో నత్రజని లవణాలు సమృద్ధిగా ఉంటాయి. పైరుకు ఎరువు ఎలాంటిదో కెల్ప్‌కు ఈ చల్లని నీరు అలాంటిది. నీరు వేడెక్కితే ఆ ఎరువు తగ్గుతుంది.

ఈ అడవిలోకి మనిషి ఎలా వెళ్ళగలడు? ఊపిరి బిగబట్టి మునిగే గజ ఈతగాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. కాని ఎంతటి ఈతగాడైనా కొద్ది నిమిషాల్లో పైకి రావలసిందే. 1943లో ఫ్రెంచి నౌకాదళ అధికారి జాక్ కూస్తో, ఇంజనీరు ఎమీల్ గాన్యాన్ కలిసి ఒక కొత్త సాధనాన్ని రూపొందించారు. వీపున కట్టుకొన్న సిలిండరులోని గాలిని అది మనిషి పీల్చినప్పుడు మాత్రమే నోటికి అందిస్తుంది. చుట్టూ ఉన్న నీటి పీడనం ఎంత ఉంటే అంత పీడనంతో అందిస్తుంది. ఇలాంటి సాధనంతో మునగటాన్ని స్కూబా డైవింగ్ అంటారు. మునిగేవారు డైవర్లు. వారి సిలిండరులో ఉండేది కేవలం ప్రాణవాయువని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అందులో ఉండేది మనం పీల్చే గాలే. దానిని బాగా కుదించి నింపుతారు.

డైవర్లు శిక్షణ పొందిన తరువాతనే నీటిలోకి దిగాలి. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 10 మీటర్ల లోతులో గుండెల నిండా గాలి పీల్చిన మనిషి ఊపిరి బిగబట్టి పైకి వస్తే, ఆ గాలి రెండింతలు కావటానికి ప్రయత్నిస్తుంది. ఊపిరితిత్తులు చిట్లిపోతాయి. కాబట్టి నీటిలో ఊపిరి బిగబట్టరాదన్నది మొదటి నియమం. నెమ్మదిగా పైకి రావాలన్నది రెండవది. లోతులో ఉన్నంతసేపు నత్రజని రక్తంలో కరుగుతూ ఉంటుంది. గోలీసోడాలో గోలీని నొక్కగానే బుడగలు ఎలా పొంగుతాయో, హఠాత్తుగా పైకి వచ్చిన మనిషి ఒంట్లో నత్రజని బుడగలు అలా పుడతాయి. అవి ప్రాణానికే ముప్పు తేవచ్చు. తోడు లేకుండా మునగరాదన్నది మూడవ నియమం. వినోదం కోసం మునిగేవారికి 40 మీటర్లను గరిష్ఠమైన లోతుగా నిర్ణయించారు. చల్లని నీరు గాలికన్నా ఎన్నో రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. అందుచేత మాంటెరీ డైవర్లు మందమైన రబ్బరు దుస్తులు ధరిస్తారు.

అడవిలోకి దిగినవారికి మొదట కనిపించేది వెలుగు. మామిడితోపులో ఆకుల సందుల నుంచి ఎండ పడ్డట్టు, కెల్ప్ పందిరి నుంచి కిరణాలు ఏటవాలుగా కిందికి దిగుతుంటాయి. రాక్‌ఫిష్ అనే చేపలు కదలకుండా గాలిలో వేలాడదీసినట్లు నిలబడి ఉంటాయి. రాళ్ళ మీద ఎర్రని, గులాబీరంగు సముద్రపుష్పాలు పరచుకొని ఉంటాయి. పేరుకు పుష్పాలే గాని అవి జంతువులు. ఆక్టోపస్ రాతి మీద ఉంటే రాతి రంగులోకి మారుతుంది. సీల్ జంతువులు కుతూహలంతో వెనుకగా వచ్చి చూసి పోతుంటాయి. డైవర్లు వీటిని చూసి మాటలతో చెప్పుకోలేరు. చేతిసైగలే వారి భాష. ఒడ్డున బొటనవేలు పైకెత్తితే బాగుందని అర్థం. నీటిలో మాత్రం పైకి పోదామని అర్థం.

ఈ అడవిలో అందరి మనసునూ దోచేది సముద్రపు నీటికుక్క. గోదావరి ముఖద్వారంలో యానాం పరిసరాల మడ అడవుల్లో ఉండే నీటికుక్కకు ఇది బంధువు. వెల్లకిలా తేలుతూ, పొట్ట మీద రాయి పెట్టుకొని, చిప్పలను దానికేసి కొట్టి పగులగొట్టి తింటుంది. నిద్రపోయేటప్పుడు అలలకు కొట్టుకుపోకుండా కెల్ప్‌ను ఒంటికి చుట్టుకుంటుంది. దానికి సీల్ వంటి కొవ్వు పొర లేదు. దట్టమైన బొచ్చే దానిని చలి నుంచి కాపాడుతుంది. ఆ బొచ్చే దానికి శత్రువయింది. 18, 19 శతాబ్దాల్లో వ్యాపారులు బొచ్చు కోసం లక్షలాది నీటికుక్కలను చంపారు. 1911లో నాలుగు దేశాలు ఒడంబడిక చేసుకొని వేటను నిషేధించాయి. కాలిఫోర్నియాలో ఇక ఒకటైనా మిగలలేదని చాలామంది భావించారు. 1938లో మాంటెరీకి దక్షిణాన బిగ్ సర్ తీరంలో సుమారు 50 నీటికుక్కల గుంపు ఉన్న సంగతి బయటపడింది. ఇప్పుడు కాలిఫోర్నియాలో దాదాపు 3,000 ఉన్నాయి. అవన్నీ ఆ కొద్దిపాటి గుంపు సంతతే.

నీటికుక్కకు, అడవికి ఒక సంబంధం ఉంది. ఉమ్మెత్తకాయలాగా ఒళ్ళంతా ముళ్ళున్న సీ అర్చిన్ అనే ప్రాణి కెల్ప్‌ను తింటుంది. సీ అర్చిన్‌ను నీటికుక్క తింటుంది. పొద్దుతిరుగుడు నక్షత్రచేప కూడా తింటుంది. మీటరు వెడల్పు దాకా పెరిగే ఈ నక్షత్రచేపకు సుమారు 20 చేతులు ఉంటాయి. తినేవారి భయం ఉన్నప్పుడు సీ అర్చిన్లు రాతి పగుళ్ళలో దాగి, తమ దగ్గరికి కొట్టుకొచ్చిన కెల్ప్ ముక్కలతో తృప్తిపడతాయి.

2013లో ఈ గొలుసు తెగింది. కెనడాలో వాంకోవర్ దగ్గరి హవ్ సౌండ్‌లో మునిగిన డైవర్లకు నక్షత్రచేపలు చేతులు ఊడి, ముద్దగా మారి చనిపోతూ కనిపించాయి. ఆ వ్యాధి అలాస్కా నుంచి మెక్సికో దాకా పాకింది. పొద్దుతిరుగుడు నక్షత్రచేపల్లో 90 శాతానికి పైగా నశించాయి. ఆ వెంటనే 2014 నుంచి 2016 వరకు సముద్రం అసాధారణంగా వేడెక్కింది. కెల్ప్ బలహీనపడింది. సీ అర్చిన్లు పగుళ్ళు వదలి బయటికి వచ్చాయి. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన సుమారు 350 కిలోమీటర్ల తీరంలో కెల్ప్ పందిరి 90 శాతానికి పైగా మాయమయింది. ఆ ప్రాంతంలో నీటికుక్కలు లేవు. కెల్ప్ తిని బతికే అబలోన్ అనే పెద్ద నత్తలు ఆకలితో చనిపోయాయి. 2018లో వాటిని పట్టటం నిలిపివేశారు. మాంటెరీలో అడవి పూర్తిగా పోలేదు. అక్కడక్కడా మిగిలింది. 2021లో వెలువడిన ఒక పరిశోధన దీనికి ఒక కారణం చూపింది. నీటికుక్కలు కెల్ప్ మిగిలిన చోట్ల ఉన్న బలిసిన సీ అర్చిన్లను తింటున్నాయి. బోడిరాళ్ళ మీది సీ అర్చిన్లు ఆకలికి ఎండి లోపల బోలుగా ఉంటాయి. వాటి జోలికి నీటికుక్కలు పోవటం లేదు. అంటే మిగిలిన అడవిని అవి కాపాడగలిగాయి గాని, పోయిన అడవిని తిరిగి తేలేకపోయాయి.

పందిరి తగ్గిందని ఉపగ్రహాల చిత్రాలు చూపాయి. నీటి కింద ఏది తగ్గిందో, ఏది పెరిగిందో అవి చూపలేవు. అందుకు మనిషి దిగి చూడాలి. ఇక్కడే సాధారణ డైవర్ల పని అక్కరకు వచ్చింది. అమెరికాలో రీఫ్ అనే సంస్థ 1993 నుంచి వినోదానికి మునిగే స్వచ్ఛంద సేవకుల చేత లెక్కలు రాయిస్తున్నది. నీటిలో రాయగల పలక వారి వెంట ఉంటుంది. ఒక్కొక్క జాతి ప్రాణి ఎన్ని కనిపించాయో నాలుగు తరగతుల్లో గుర్తిస్తారు: ఒక్కటి, 2 నుంచి 10 వరకు, 11 నుంచి 100 వరకు, 100కు పైగా. రీఫ్ చెక్ అనే మరొక సంస్థ 2006 నుంచి కాలిఫోర్నియాలో డైవర్లకు శిక్షణ ఇస్తున్నది. వారు 30 మీటర్ల టేపును అడుగున పరచి, దాని వెంట 2 మీటర్ల వెడల్పులో చేపలను, సీ అర్చిన్లను, కెల్ప్‌ను లెక్కిస్తారు.

వ్యాధి రాకముందు లెక్క రాసినవారికి ఆ లెక్క ఎందుకు పనికివస్తుందో తెలియదు. నక్షత్రచేప ఆనాడు ప్రతిచోటా కనిపించే ప్రాణి. అయినా రాశారు. 2019లో ప్రచురితమైన ఒక పరిశోధనా వ్యాసం ఆ నక్షత్రచేప ఎంత విశాలమైన తీరంలో నశించిందో నిరూపించింది. అందుకు ఆధారమైన వాటిలో రీఫ్ డైవర్లు రాసిన లెక్కలు ఉన్నాయి. 2020లో ఆ ప్రాణిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చారు. వ్యాధికి కారణం విబ్రియో జాతికి చెందిన ఒక బాక్టీరియా అని 2025లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

మాంటెరీ దగ్గర టాంకర్స్ రీఫ్ అనే చోట సీ అర్చిన్లను సుత్తులతో పగులగొట్టి తగ్గించటానికి 2021లో ప్రభుత్వం డైవర్లను అనుమతించింది. సెలవురోజుల్లో సరదాగా మునిగేవారే ఈ పనికి పూనుకొన్నారు. పొద్దుతిరుగుడు నక్షత్రచేపలను ప్రయోగశాలల్లో పెంచుతున్నారు. పోయిన అడవి తిరిగి రావటం ఒకరోజు పని కాదు. ఏ రాతి మీద మళ్ళీ కెల్ప్ మొలిచిందో, ఏ రాయి బోడిగానే ఉందో తెలియాలంటే ఎవరో ఒకరు చన్నీళ్ళలోకి దిగి చూడాలి, చూసినది చూసినట్లు పలక మీద రాయాలి. ఒక్కటీ కనిపించకపోతే సున్న అని రాయాలి. ఆ సున్న కూడా సాక్ష్యమే.

పదాలు – అర్థాలు

అఖాతం = మూడువైపులా భూమి ఉన్న సముద్రభాగం
భూభ్రమణం = భూమి తన చుట్టూ తాను తిరగటం
పీడనం = ఒత్తిడి
గజ ఈతగాడు = ఈతలో ఆరితేరినవాడు
ఒడంబడిక = ఒప్పందం
సంతతి = సంతానం
అక్కరకు వచ్చు = అవసరానికి ఉపయోగపడు

ప్రశ్నలు

1. కెల్ప్ వేళ్ళు లేకుండా ఎలా నిలబడుతుంది?
2. నీటిలో ఊపిరి బిగబట్టరాదని ఎందుకు అంటారు?
3. నీటికుక్క, నక్షత్రచేప, సీ అర్చిన్, కెల్ప్ – వీటి మధ్య సంబంధాన్ని సొంతమాటల్లో రాయండి.
4. మాంటెరీ నీటికుక్కలు బోడిరాళ్ళ మీది సీ అర్చిన్లను ఎందుకు తినవు? దాని ఫలితమేమిటి?
5. "ఆ సున్న కూడా సాక్ష్యమే." ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.

వ్యాకరణం

1. విడదీసి సంధి పేరు చెప్పండి: శీతోష్ణ, ఒకటైనా, మిగలలేదని.
2. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు చెప్పండి: సూర్యకాంతి, మహాసముద్రం, నాలుగు దేశాలు.
3. 'మనసును దోచు', 'జోలికి పోవు' అనే జాతీయాలను సొంతవాక్యాల్లో ప్రయోగించండి.

చేయవలసిన పని

మీ ఊరి చెరువునో, కాలువగట్టునో, బడి ఆవరణలోని పెద్ద చెట్టునో ఎంచుకోండి. నెలరోజుల పాటు వారానికి ఒకసారి, ఒకే సమయానికి, అక్కడ కనిపించిన పక్షుల పేర్లు, సంఖ్య రాయండి. పాఠంలోని నాలుగు తరగతులను ఉపయోగించండి. పక్షి పేరును మీ ఇంట్లో తెలుగులో ఏమంటారో, మీ రాష్ట్రభాషలో ఏమంటారో పెద్దలను అడిగి పక్కన చేర్చండి.