గోదావరి ఇసుక పదేపదే కుదుపులకు లోనైతే?

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నడుమ సరిహద్దు గోదావరి. సుందిళ్ల బ్యారేజీ ఆ నది మీదే ఉంది. 2024 డిసెంబర్ 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. అందుకే నది ఇసుక కుదుపులకు ఎలా స్పందిస్తుందన్న అంశంపై పోటీ పరీక్షల అభ్యర్థులు ఓ కన్నేసి ఉంచాలి.

నీటితో నిండిన వదులు ఇసుకను పదేపదే కుదిపితే రేణువులు దగ్గరకు జరగబోతాయి. మధ్యలోని నీటికి బయటపడే వ్యవధి ఉండదు. ఒక్కో కుదుపుకూ ఆ నీటి పీడనం (రంధ్రజల పీడనం) పెరుగుతూ పోతుంది. మొత్తం ప్రతిబలంలోంచి ఈ పీడనాన్ని తీసేస్తే మిగిలేది ప్రభావక ప్రతిబలం. ఇది టెర్జాగీ సూత్రం. అది సున్నాకు చేరిందా, ఇసుక ద్రవంలా ప్రవర్తిస్తుంది. దీన్నే ద్రవీకరణ (లిక్విఫాక్షన్) అంటారు. ఉదాహరణలు: 1964 నీగాటా (జపాన్), 2001 భుజ్. గట్టిగా కూరుకున్న ఇసుకకు ఈ ముప్పు తక్కువ.

ఈ ముప్పును ఎలా అంచనా వేస్తారు? ప్రయోగశాలలో ఇసుక నమూనాపై పదేపదే భారం మోపి చూసే సైక్లిక్ ట్రయాక్సియల్ పరీక్ష చేస్తారు. సీడ్, ఇడ్రిస్ 1971లో ఇచ్చిన సరళ పద్ధతి ఇంకా తేలిక: భూకంప ప్రతిబలాలు క్రమం లేకుండా ఉంటాయి కాబట్టి, గరిష్ఠ విలువలో 65 శాతాన్ని అన్ని ఆవృత్తులకూ సమాన ప్రతిబలంగా తీసుకుంటారు. ఇసుక నిరోధాన్ని ఆ ప్రతిబలంతో భాగిస్తే వచ్చేది భద్రతా గుణకం. 1 కంటే తగ్గితే ప్రమాదం.

ఒక మెలిక: 2023 అక్టోబర్ 21న గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగడానికి కారణం ద్రవీకరణ కాదు. జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ కమిటీ చెప్పిన కారణాల్లో ఒకటి పైపింగ్, అంటే పునాది కింది ఇసుక నీటితో కొట్టుకుపోవడం.