పదకొండు పేజీల పేపరు ఎక్కడిదాకా వెళ్లింది?

విజయవాడ చుట్టుపక్కల పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు ఎక్కువగా అడిగేది ఒకటే: "సార్, హెచ్-ఇండెక్స్ ఎంతుంటే ఉద్యోగం వస్తుంది?" అంకె సంగతి తర్వాత. నూజివీడు, నందిగామ బడుల్లో చదువుకున్న ఒక కుర్రాడి గురించి ముందు వినండి.

ఆయన కల్యంపూడి రాధాకృష్ణ రావు, లోకానికి సి.ఆర్. రావు. 1920లో పుట్టారు. తండ్రిది పోలీసు ఉద్యోగం, బదిలీ అయినప్పుడల్లా బడి మారేది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివాక ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అది రాలేదు. 1941లో అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1944లో పాఠం చెబుతుండగా, పెద్ద శాంపిళ్లకు చెప్పిన ఫలితాన్ని చిన్నవాటికీ నిరూపించలేమా అని దండేకర్ అనే విద్యార్థి అడిగాడు. రావుగారు ఆ రాత్రి కూర్చుని తేల్చి, మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో వచ్చిన పదకొండు పేజీల పేపరులో ఉన్న ఫలితం అదే.

ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు గీసే ఆ ఫలితానికి 'క్రామర్-రావ్' సూత్రమని పేరు. దాన్ని రాడార్ ఇంజినీర్లు అందుకున్నారు, క్వాంటం భౌతిక శాస్త్రం వాళ్లు అందుకున్నారు. రావుగారు కూడా ఒక్క శాఖలో కూర్చోలేదు. సూడాన్ తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలను కేంబ్రిడ్జిలో మానవశాస్త్రవేత్తలతో కలిసి విశ్లేషించారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆ 1945 పేపరుకు గాను ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు మీ అంకె. మీవి ఐదు పేపర్లు, వాటికి సైటేషన్లు 12, 7, 4, 3, 1 అనుకోండి. మూడు పేపర్లకు కనీసం మూడేసి ఉన్నాయి, నాలుగో దానికి నాలుగు లేవు. మీ హెచ్-ఇండెక్స్ 3. గణితంలో సైటేషన్లు నెమ్మదిగా వస్తాయి, వైద్యంలో వేగంగా వస్తాయి. పక్క డిపార్ట్‌మెంటు వాళ్లతో పోల్చుకుని కుంగిపోవద్దు. దివిసీమ బావుల్లో ఉప్పునీటి మీద మీరు రాసింది వ్యవసాయం వాళ్లూ, రొయ్యల సాగు వాళ్లూ, ఆరోగ్య పరిశోధకులూ వాడుకుంటే, నా దృష్టిలో ఆ మూడు సైటేషన్లు స్నేహితులు ఇచ్చిన ముప్ఫై కంటే బరువైనవి.

మన తెలుగువాళ్లకు ఇంకో చిక్కు, పేరు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఉత్త పొడి అక్షరాలు. రావుగారి పేరే సి. రాధాకృష్ణ రావు అనీ, సి.ఆర్. రావు అనీ రెండు రకాలుగా కనిపిస్తుంది. మొదటి పేపరు నుంచే ఒకే రూపం పాటించండి. పరిశోధకుణ్ణి గుర్తించే పదహారంకెల ఆర్కిడ్ (ORCID) నంబరు ఉచితంగా వస్తుంది, తీసుకోండి. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్లో వేరే రావుగారి పేపర్లు చేరితే వెంటనే తీసేయండి. ఇంటర్వ్యూలో అది బయటపడితే మీ సొంత పనినీ నమ్మరు.

వాట్సాప్‌లో "మూడు రోజుల్లో పబ్లికేషన్" అని డబ్బడిగేవాళ్ల జోలికి పోవద్దు. యూజీసీ 2022 నిబంధనల్లో థీసిస్‌కు ముందు పేపరు తప్పనిసరి అన్న షరతే తీసేసింది. మీ యూనివర్సిటీ సొంత నియమం ఏమిటో మాత్రం ఆఫీసులో కనుక్కోండి.

ఈ రాత్రికి ఒక పని చేయండి. మీ పేపరును వాడుకున్న ఒక్కరి పేపరు తెరిచి, మీ పేరు ఏ వాక్యంలో, ఎందుకు వచ్చిందో చదవండి.