చుట్టాలు చూడని గది నుంచి

కొత్త ఇంట్లోకి చేరినవాళ్లు గృహప్రవేశం నాడు వచ్చినవాళ్లకు ఇల్లంతా తిప్పి చూపిస్తారు. హాల్లో ఫాల్స్ సీలింగ్, దాని అంచుల్లో దాచిన లైట్లు, టీవీ వెనక రాయి అతికించిన గోడ, అద్దాల తలుపుల షోకేసు. అక్కడ పావుగంట నిలబడతారు. వంటింటి దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలోంచే చెయ్యి చూపించి ముందుకు నడుస్తారు. ఒక పడగ్గది తలుపు మాత్రం దగ్గరగా వేసి ఉంటుంది. హాల్లోంచి తీసిన సామానంతా అందులోనే పేర్చి ఉంటుంది మరి. ఖర్చు కూడా చాలా ఇళ్లలో ఇదే వరసలో జరుగుతుంది. ఎప్పుడో వచ్చే అతిథి కూర్చునే చోటికి ఎక్కువ, ఇంటివాళ్లు రోజూ ఏడెనిమిది గంటలు పడుకునే చోటికి తక్కువ, పొద్దున్నా సాయంత్రం ఒక మనిషి కాళ్లమీద నిలబడే చోటికి అన్నిటికంటే తక్కువ.

ఈ వరసను తిరగెయ్యాలన్నది నా గట్టి నమ్మకం. ఇల్లు అందంగా దిద్దుకోవాలనుకుంటే ఒక్కో గదీ తీసుకోండి. చుట్టాలు చూడని గదితో మొదలుపెట్టి, హాలును ఆఖరికి ఉంచండి. నలుగురు చూసి మెచ్చుకోవాలని చేసే పని వేరు, మన బతుకు బాగుండాలని చేసే పని వేరు. ఈ తేడా చాలామందికి యాభై దాటాక గానీ తెలిసిరాదు. దాన్ని చిన్న వయసులోనే, చేతులతో పని చేస్తూ తెలుసుకునే వీలు మన ఇంట్లోనే ఉంది.

"ఇది అద్దె ఇల్లే కదా, సొంతిల్లు కట్టుకున్నాక చూద్దాం" అనే మాట ముందు పక్కన పెట్టాలి. మేకు కొట్టడానికి ఇంటి ఓనరు ఒప్పుకోకపోవచ్చు, గోడకు రంగు మార్చే హక్కు మనకు లేకపోవచ్చు. కానీ కర్టెన్లు, దుప్పట్లు, ఒక టేబుల్ లైటు, కింద పరిచే జంపఖానా, నాలుగు మొక్కల కుండీలు మనతోపాటు లారీ ఎక్కి తర్వాతి ఇంటికీ వస్తాయి. పటాన్ని గోడకు కొట్టకుండా అలమార మీద ఆనించి నిలబెట్టవచ్చు. సొంతిల్లు వచ్చేదాకా అందాన్ని వాయిదా వేసే మనిషి చాలావరకు విశ్రాంతినీ, ఆరోగ్యాన్నీ, స్నేహాలనూ కూడా అలాగే వాయిదా వేస్తాడు. పిల్లల చిన్నతనమంతా అద్దె ఇంట్లోనే గడిచిపోవచ్చు. వాళ్లకు గుర్తుండే ఇల్లు అదే.

ఒక్కో గదీ అనడానికి ఇంకో బలమైన కారణం ఉంది. ఫ్రెంచ్ రచయిత దెనీ దిదెరో తన పాత గౌను పోయినందుకు చింతిస్తూ ఒక చిన్న వ్యాసం రాశాడు. ఇంట్లో వేసుకునే పాత గౌను స్థానంలో ఆయనకు ఎర్రటి కొత్త గౌను వచ్చింది. అది వేసుకుని కూర్చుంటే చుట్టూ ఉన్నవన్నీ వెలవెలబోయినట్టు అనిపించాయి. గడ్డి అల్లిన కుర్చీ పోయి తోలు కుర్చీ వచ్చింది. పాత మేజా పోయి ఖరీదైన మేజా వచ్చింది. గోడమీద చవక బొమ్మలు దిగిపోయి గొప్ప చిత్రాలు ఎక్కాయి. పాత గౌనుకు తాను యజమానిగా ఉండేవాణ్ణనీ, కొత్తదానికి బానిసనయ్యాననీ ఆయన వాపోయాడు. ఈ వ్యాసం వెలువడింది 1769లో. కెనడా మానవశాస్త్రవేత్త గ్రాంట్ మెక్‌క్రాకెన్ 1988లో ఈ ధోరణికి ఆయన పేరే పెట్టి, "దిదెరో ఎఫెక్ట్" అన్నాడు.

మన ఇళ్లలో ఈ కథ సోఫాతో మొదలవుతుంది. సోఫా కొత్తది, కాబట్టి కర్టెన్లు పాతవిగా కనిపిస్తాయి. కర్టెన్లు మారాక గోడ రంగు నప్పదు. రంగు వేశాక టీవీ చిన్నదిగా అనిపిస్తుంది. ఈఎంఐ మాత్రం మూడేళ్లు నడుస్తుంది. ఒక గది పూర్తిచేసి, అందులో కనీసం ఒక నెల మసలుకుని, ఆ తర్వాత రెండో గదిలోకి వెళ్లేవాళ్లు ఈ పరుగులో పడరు. ఆ నెలలో ఏది నిజంగా పనికొచ్చిందో, ఏది మోజుతో కొన్నామో ఒళ్లు చెబుతుంది, కళ్లు చెబుతాయి.

ఇక వంటిల్లు. ఎక్కువసేపు నిలవాల్సిన చోటు ఇదే.

రాత్రి ఏడింటికి, లైటు వేసి గట్టు దగ్గర కూరగాయలు తరుగుతున్న మనిషి వెనక నిలబడి చూడండి. చాలా ఇళ్లలో లైటు గది మధ్యలో, పైకప్పుకో ఎదురుగోడకో ఉంటుంది. అంటే అది వంట చేసే మనిషి వీపు వెనక వెలుగుతుంది. ఆమె నీడ సరిగ్గా కత్తి ఆడే చోటే పడుతుంది. బియ్యంలో రాయి, ఆకుకూరలో పురుగు కనిపించాలంటే పక్కకు జరిగి, పళ్లెం వెలుతురుకు ఎత్తి చూసుకోవాలి. ఏళ్ల తరబడి అలా చూసుకుంటూనే వంట జరిగిపోతుంది. గట్టు పైన ఉండే అలమార కింద, ముందు అంచుకు ఒక సన్నటి ఎల్ఈడీ పట్టీ బిగిస్తే ఆ నీడ పోతుంది. ఎలక్ట్రీషియన్‌కు గంట పని. హాల్లో రంగులు మారే లైట్లకు పెట్టే ఖర్చులో ఇదెంత?

తర్వాత గట్టు ఎత్తు. మన అపార్టుమెంట్లలో గట్టు చాలావరకు 32 నుంచి 34 అంగుళాలు ఉంటుంది. పిండి కలిపేవాళ్లకీ, తరిగేవాళ్లకీ గట్టు మోచేతి కంటే నాలుగైదు అంగుళాలు కిందుగా ఉంటే భుజాలు పట్టెయ్యవు. పొడుగుగా ఉన్నవాళ్లు ఆ గట్టు మీదకు వంగి వంగి నడుం నొప్పి తెచ్చుకుంటారు. మందంగా ఉన్న చెక్కపలక ఒకటి వేసుకుని దానిమీద తరిగితే రెండంగుళాలైనా కలిసొస్తుంది. పొట్టిగా ఉన్నవాళ్లకు తరిగే పని కూర్చుని చేసుకునేలా ఒక చిన్న బల్ల, ఎత్తు సరిపోయిన స్టూలు చాలు. ఈ సర్దుబాటు అయ్యాకే అందం సంగతి. వంటింటికి విడిగా అలంకరణ సామాను అక్కర్లేదు. ఆవకాయ జాడీలు, ఇత్తడి గిన్నెలు, పోపుల పెట్టె, పైన అరలో అమ్మమ్మ ఇచ్చిన కంచు మరచెంబు. రోజూ చేతిలో ఆడే వస్తువులు కళ్లకు కనబడేలా వరసగా పెట్టుకుంటే అంతకంటే నిండుదనం ఏ ప్లాస్టిక్ పూలగుత్తికీ రాదు.

అన్నిటికీ ముందు వంట చేసే మనిషిని అడగాలి. "నీకు ఇక్కడ ఏం కావాలి?" అని అడిగితే మొదట వచ్చే జవాబు "నాకేం వద్దు, బాగానే ఉంది" అనే. అది జవాబు అనుకుని వెనక్కి తిరగకండి. ఒక ఆదివారం మీరే వంట చెయ్యండి. చెయ్యి ఎక్కడ అందడం లేదో, మిక్సీ ప్లగ్గు ఎంత దూరంగా ఉందో తెలుసుకుని, ఆ వివరాలతో మళ్లీ అడగండి. అప్పుడు నోరు విప్పుతారు. ఎదుటి మనిషి అవసరాన్ని వాళ్లు చెప్పకముందే గమనించడం వ్యక్తిత్వంలో పెద్ద ఎదుగుదల అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఆఫీసులో జట్టును నడిపించడం గురించి ఎన్ని శిక్షణలు తీసుకున్నా, ఇంట్లో ఆ గమనింపు లేనివాళ్లకు అది బయట మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?

పడగ్గదికి చేర్చాల్సిన వాటికంటే తీసెయ్యాల్సినవి ఎక్కువ. మంచం కింద తోసిన సూట్‌కేసులు, విప్పిన బట్టలు గుట్టగా పడేసే కుర్చీ, బీరువా మీద ఎప్పటివో ఖాళీ అట్టపెట్టెలు. టీవీ కొంటే దాని పెట్టె ఎందుకు దాచుకుంటామో ఎవరికీ తెలియదు. ఇవన్నీ తేలని నిర్ణయాలు. ఉంచాలా, ఇచ్చెయ్యాలా, పారెయ్యాలా అని తేల్చుకోలేక పక్కన పెట్టినవి. ఒక శనివారం కూర్చుని ఒక్కోదాన్నీ తేల్చండి. చిన్న చిన్న నిర్ణయాలు వెంటనే తీసుకోవడం అలవాటైన మనిషికి పెద్ద నిర్ణయాల దగ్గర తడబాటు తగ్గుతుంది.

వెలుతురు ఇక్కడ మారాలి. బల్బు పెట్టె మీద కెల్విన్ అనే అంకె ఉంటుంది. 6500 అని ఉంటే అది నీలం కలిసిన తెల్లటి వెలుతురు, వంటింటికీ చదువుకునే చోటికీ పనికొస్తుంది. పడగ్గదికి 2700, 3000 అంకెల పసుపుపచ్చ వెలుతురు మంచిది. రాత్రిపూట నీలం కాంతి ఎక్కువైతే నిద్రకు తోడ్పడే మెలటోనిన్ ఊరడం తగ్గుతుంది. ఫోను ఛార్జింగు తలగడ దగ్గర కాకుండా గది ఆ చివరన పెట్టుకోండి. దుప్పటి దగ్గర లోభించొద్దు. పోచంపల్లి ఇక్కత్ దుప్పటి ఒకటి పరిస్తే ఆ గదికి వేరే బొమ్మ అక్కర్లేదు. రంగుల విషయంలో భార్యాభర్తలకు అభిరుచులు కలవకపోవడం మామూలే. ఒకరికి ముదురు రంగులు ఇష్టం, ఒకరికి తెలుపు. ఒక గోడ ఒకరిది, ఒక గోడ ఇంకొకరిది అని పంచుకున్న ఇళ్లు నేను చూశాను, అవి బాగానే ఉన్నాయి.

బాత్రూమ్ గురించి రెండే మాటలు: కాలు జారని నేల, చేతికందే కడ్డీ. పూజగది గురించి అసలు సలహా ఇవ్వను. ఎవరి ఇంటి ఆనవాయితీ వారిది.

పెద్దవాళ్ల గది దగ్గర మాత్రం మనసు పెట్టాలి. పల్లెటూళ్లో ఇల్లు అమ్మేసో, తాళం వేసో నగరంలో కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వచ్చిన తల్లిదండ్రులకు మనం చిన్న గది ఇచ్చి, కొత్త మంచం వేసి, మన వస్తువులతోనే నింపేస్తాం. వాళ్ల ట్రంకుపెట్టె అటక ఎక్కుతుంది. నవారు మంచం ఊళ్లోనే ఉండిపోతుంది. నాన్న గోడగడియారం ఇక్కడి రంగులకు నప్పలేదంటాం. నప్పకపోతేనేం! ఆ గది వాళ్లది. ట్రంకుపెట్టెను కిందికి దించి, మంచం పక్కన పెట్టి, దానిమీద ఒక గుడ్డ పరిస్తే అది చక్కటి బల్ల అవుతుంది. మందులు, కళ్లజోడు, మంచినీళ్ల చెంబు దానిమీదే ఉంటాయి. గోడమీద ఏ ఫొటో ఉండాలో, ఏ ఎత్తులో ఉండాలో అమ్మనే చెప్పమనండి. పడుకుని చూసినా కనబడాలంటే బహుశా మనం అనుకున్నదానికంటే కిందికి పెట్టాల్సి వస్తుంది. రాత్రి లేస్తే లైటు స్విచ్ మంచం మీంచే అందాలి.

పిల్లల మూల కూడా ఇలాగే. వాళ్ల చెయ్యి అందే ఎత్తులో అర ఉంటే వాళ్ల పుస్తకాలు వాళ్లే సర్దుకుంటారు. అందని ఎత్తులో పెట్టి, సర్దుకోవడం రాదని కోప్పడతాం. కార్టూన్ స్టిక్కర్లు కొని గోడంతా అతికించేకంటే, వాళ్లు గీసిన బొమ్మను ఫ్రేము కట్టించి తగిలించండి. తన చేతిపనికి ఇంట్లో గోడ దొరికిన పిల్ల ధైర్యం వేరుగా ఉంటుంది.

ఇన్ని గదులు దాటాక హాల్లోకి వస్తే, ఇక్కడ ఎంత తక్కువ కావాలో అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. మిగిలిన డబ్బుతో వస్తువుల సంఖ్య పెంచకుండా, ఎవరి చేతిలోంచి వచ్చిందో తెలిసిన వస్తువు ఒకటి తెచ్చుకోండి. కొండపల్లి బొమ్మను తెల్లపొణికి కర్రతో చెక్కుతారు. చేతులు, కాళ్లు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, సున్నం పూసి, ఆపైన రంగులు వేస్తారు. ఏటికొప్పాక బొమ్మది అంకుడు కర్ర. తిరిగే కర్ర మీద రంగు కలిపిన లక్కను ఒత్తిపడితే ఆ రాపిడి వేడికి కరిగి నునుపుగా పట్టుకుంటుంది. చేర్యాల నకాషీ పటం ఒకప్పుడు ఊరూరా తిరిగి కులపురాణాలు చెప్పే కథకులు విప్పి చూపించిన బట్ట. ఇవి తెలిసి కొన్న మనిషి దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా ఆలోచిస్తాడు. శ్రీకాళహస్తి కలంకారీ బట్టను ఎదురెండలో వేలాడదియ్యడు, రంగులు వెలుస్తాయి కాబట్టి. పటం మధ్యభాగం నేలకు అయిదడుగుల ఎత్తులో, అంటే నిలబడ్డ మనిషి కంటికి ఎదురుగా ఉండాలి. మన ఇళ్లలో పటాలు తలుపు పైకమ్మి ఎత్తున వేలాడుతుంటాయి, మెడ ఎత్తి చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

షోకేసు నిండా ఏడాది పొడుగునా అవే వస్తువులు ఉంటే నెల తిరక్కుండానే ఇంట్లోవాళ్లు వాటిని చూడటం మానేస్తారు. మన పెద్దలు బొమ్మల కొలువు పెట్టిన తీరు నాకెంతో ఇష్టం. బొమ్మలు ఏడాదంతా గుడ్డల్లో చుట్టి పెట్టెలో ఉంటాయి. దసరాకో సంక్రాంతికో బయటికి వస్తాయి. మెట్లు కట్టి, పాతచీర పరిచి, పేర్చి, పేరంటాళ్లను పిలుస్తారు. పండగ వెళ్లాక మళ్లీ పెట్టెలోకే. కళ్లు అలవాటు పడేలోపే లోపలికి వెళ్లిపోతాయి కాబట్టి, వచ్చినప్పుడల్లా కొత్తగా ఉంటాయి. హాలును అలాగే నడపవచ్చు. అరల్లో రెండు మూడు వస్తువులే ఉంచి, మిగతావి చెమ్మ తగలని చోట దాచి, రెండు నెలలకోసారి మార్చండి. మార్చే పని పిల్లలకు అప్పగించండి. ఏ బొమ్మ బయటికి రావాలో, దాని పక్కన ఏది ఉండాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. వాళ్లు ఎడ్లబండిని ఏనుగు అంబారీ ముందు పెట్టినా, సరిగ్గా మధ్యలో కాక ఒక పక్కకు పెట్టినా, రాత్రి వాళ్లు పడుకున్నాక లేచి మీరు సర్దకండి.