నలుగురు అన్నదమ్ములు, ఒక పాట

తమ్ముళ్లతో కలిసి చాలా ఏళ్లు పెళ్లిళ్లలో, తిరునాళ్లలో ఆర్కెస్ట్రా నడిపినవాణ్ణి. ఇంటివాళ్లందరం కలిసి బ్యాండు పెడతామని వచ్చే పిల్లలకు ముందుగా అమెరికాలోని ఛాంబర్స్ బ్రదర్స్ అనే బ్యాండు సంగతి చెబుతాను.

1. ఒకే ఇంట్లో పెరిగిన గొంతులు తేలిగ్గా కలుస్తాయి.
ఆ బ్యాండులోని నలుగురు అన్నదమ్ములు జార్జ్, విల్లీ, లెస్టర్, జో మిసిసిపీలో పాలుకు సేద్యం చేసే కుటుంబంలో పుట్టారు. చర్చిలో పాడుతూ పెరిగారు. 1950లలో లాస్ ఏంజెలెస్ చేరాక కూడా మొదట భక్తిగీతాలే పాడారు. జార్జ్ తొలినాళ్లలో వాయించిన బాస్ వాయిద్యం ఏమిటనుకున్నారు? బోర్లించిన రేకు తొట్టి, ఒక కర్ర, రెంటికీ కట్టిన ఒక్క తాడు. కర్ర వెనక్కి లాగితే తాడు బిగిసి స్వరం పైకి వెళుతుంది. మంచి వాయిద్యాలు కొన్నాకే మొదలుపెడదామనే పిల్లలు ఈ ముక్క వినాలి.

2. బయటివాడికి చోటిస్తే పాట ఎదుగుతుంది.
నలుగురు నల్లజాతి అన్నదమ్ముల వెనక డ్రమ్ముల దగ్గర కూర్చున్నది బ్రయాన్ కీనన్ అనే తెల్లవాడు. అమెరికాలో 1960లలో అది చిన్న విషయం కాదు. చర్చి పాట రాక్ వైపు మళ్లడంలో ఆ డ్రమ్ముల పాత్ర పెద్దదని నా నమ్మకం.

3. ఆడలేదని పాటను వదిలేయకూడదు.
జో, విల్లీ రాసిన 'టైమ్ హాజ్ కమ్ టుడే' 1966లో చిన్న పాటగా వస్తే ఎవరూ పట్టించుకోలేదు. 1967లో దాన్నే పదకొండు నిమిషాలకు పెంచి మళ్లీ రికార్డు చేశారు. ఆవు మెడలో కట్టే గంటలాంటిది గడియారంలా టిక్ టిక్ అంటుంది. నడుమ లయ సాగి సాగి ఆగిపోతుందేమో అనిపిస్తుంది. ప్రతిధ్వనుల్లోంచి మెల్లగా లేచి మళ్లీ పరుగందుకుంటుంది. సింగిల్‌కు కత్తిరించిన రూపం 1968లో బిల్‌బోర్డ్ హిట్ పాటల పట్టికలో 11వ స్థానం దాకా వెళ్లింది. మేమైతే జనం చప్పట్లు కొట్టని పాటను మరుసటి రోజే జాబితాలోంచి తీసేసేవాళ్లం.

4. పాట కంటే ముందు కాగితం.
1978లో 'కమింగ్ హోమ్' సినిమా పతాక సన్నివేశంలో అదే పాట మోగింది. అయినా 1967 నుంచి 1994 దాకా తనకు రాయల్టీ చెక్కు ఒక్కటీ రాలేదని లెస్టర్ ముసలితనంలో లోకానికి చెప్పుకున్నారు. అది చదివి చాలాసేపు లేవలేకపోయాను. మా భక్తి క్యాసెట్ వేసిన పెద్దమనిషిని నేనెన్నడూ లెక్క అడగలేదు, తెలిసినవాడే కదా అని. తమ్ముడి వైద్యానికి డబ్బు కావలసి వచ్చినప్పుడు అడిగితే, ఒప్పందం ఎక్కడుందన్నాడు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.