వ్యోమగామి చేతితొడుగు

ముడి వేయుట, మర బిగించుట, కలము పట్టుట మొదలగు పనులన్నియు చేతివ్రేళ్ళు సులభముగా వంగుటవలననే సాధ్యమగుచున్నవి. రోదసిలో ఆ వంగుటయే మిక్కిలి కష్టము.

కారణమేమి? భూమిమీద గాలి మనలను అన్నివైపులనుండి అదుముచుండును. రోదసిలో గాలి లేదు. కావున వ్యోమగామి దుస్తులలో ప్రాణవాయువును నింపుదురు. తొలినాటి అమెరికా దుస్తులలో దాని ఒత్తిడి భూమిమీది గాలి ఒత్తిడిలో ఇంచుమించు నాల్గవవంతు మాత్రమే. అంతమాత్రమునకే చేతితొడుగు గాలి నింపిన బంతివలె బిగుసుకొనును. పిడికిలి పట్టిన ప్రతిసారియు వ్యోమగామి ఆ బిగువుతో పెనుగులాడవలసినదే.

1965 మార్చి 18వ తేదీన సోవియట్ వ్యోమగామి అలెక్సీ లియోనొవ్ మానవులలో మొట్టమొదట నౌక వెలుపలికి వచ్చి, సుమారు 12 నిమిషములు రోదసిలో తేలియాడెను. ఇంతలో దుస్తులు ఉబ్బెను. ఆయన వ్రేళ్ళు తొడుగుల కొనలనుండి వెనుకకు జారెను. నౌకలోనికి మరలుట దుర్ఘటమయ్యెను. తుదకాయన ప్రాణాపాయమునకు వెఱవక, దుస్తులలోని వాయువును కొంత విడిచి, లోనికి ప్రవేశించెను.

అంతకు పూర్వపు అమెరికా మెర్క్యురీ యాత్రలలో వ్యోమగామి వెలుపలికి రాలేదు. అతడు మీటలు పట్టవలెను, బొత్తాములు నొక్కవలెను. అందుచే తొడుగు వ్రేళ్ళను ముందే వంపుగా కుట్టి, నడిమివ్రేలిని మాత్రము తిన్నగా ఉంచిరి. 1962లో భూమిని చుట్టివచ్చిన జాన్ గ్లెన్ తొడుగుల వ్రేలికొనలయందు చీకటిలో పరికరములను చూచుటకై చిన్న దీపములను అమర్చిరి.

చంద్రునిపై రాళ్ళేరుటకు ఇవి చాలవు. అపోలో యాత్రలకై ఒక్కొక్క వ్యోమగామి చేతికి అచ్చు తీసి, దానికి సరిపడునట్లు రబ్బరు లోతొడుగును రూపొందించిరి. అరచేయి ఉబ్బకుండుటకు అడ్డుపట్టీని బిగించిరి. మణికట్టునొద్ద లోహపు వలయమును చేర్చిరి. పైతొడుగునకు లోహపు నూలుతో నేసిన బట్టను వాడి, స్పర్శ కొంత తెలియుటకై వ్రేలికొనలకు సిలికోన్ రబ్బరును అమర్చిరి. ఈ దుస్తులను కుట్టినవారు ఇంటర్నేషనల్ లేటెక్స్ సంస్థలోని కుట్టుపని స్త్రీలు. వారి కుట్టు తప్పినచో ఒక ప్రాణమే పోవచ్చును. 1969 జులైలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ ఆ తొడుగులతోనే చంద్రశిలలను ఏరి తెచ్చిరి.

అయినను సమస్య తీరలేదు. 1971లో అపోలో 15 వ్యోమగాములు చంద్రునిపై మూడుమార్లు బయట పనిచేయగా, వారి వ్రేలికొనలు కందిపోయి తీవ్రముగా బాధించినవి.

తొడుగు మందమైనకొలది చేతికి రక్ష హెచ్చును, నేర్పు తగ్గును. పలుచనైనకొలది నేర్పు హెచ్చును, రక్ష తగ్గును. ఈ రెంటికిని పొత్తు కుదుర్చు ప్రయత్నము నేటికిని సాగుచునే యున్నది.