కలుగు చూసి ఎలుకను గుర్తుపట్టడం ఎలా?

ఈ వారం పాఠం మట్టి తవ్వుకుని బతికే ఎలుకల మీద.

చంద్రికల మీద గూళ్ళు కొరికి, లోపలి ప్యూపాను తినేసి పోయిన ఎలుకను తిట్టుకోని పట్టు రైతు మనలో ఎవరూ ఉండరు. తిట్టుకుని వెంటనే మందు కొనుక్కొస్తాం. కానీ ఏ ఎలుకకి? అది తెలుసుకోకుండా మందు పెడితే డబ్బు పోతుంది, ఒక్కోసారి పురుగుల పంట కూడా పోతుంది. అందుకే ముందు ఎలుక సంగతి తెలుసుకుందాం.

*పీణ్యలో పందికొక్కు*

మేం ఈ పాఠం బెంగళూరు పీణ్య నుంచి రాస్తున్నాం. మడకశిర వైపు నుంచి తుమకూరు రోడ్డు మీదుగా వచ్చేవాళ్ళకి ఈ చోటు తెలిసిందే. 1970ల చివర్లో మొదలైన పెద్ద పారిశ్రామిక వాడ ఇది. ఎటు చూసినా వర్క్‌షాపులు, గోడౌన్లు, కాంక్రీటు. అయినా మురుగు కాలువ పక్కన, గోడౌన్ పునాది అంచున పిడికిలి పట్టేంత కన్నాలు కనిపిస్తాయి. అవి పందికొక్కువి. కన్నడంలో దీన్నే హెగ్గణ అంటారు. పందిలా మట్టి తవ్వుతుంది, బెదిరిస్తే పందిలా గుర్రుమంటుంది కాబట్టి మన పెద్దలు ఆ పేరు పెట్టారు. ఇంగ్లీషు వాళ్ళ 'బ్యాండికూట్' మన తెలుగు మాట నుంచి వెళ్ళిందే. ఆస్ట్రేలియాలో అదే పేరుతో పిలిచే జంతువు మాత్రం ఎలుక జాతే కాదు, కంగారూకు దూరపు చుట్టం.

*ఆ పళ్ళు ఎందుకు అరగవు?*

ఎలుక జాతి అంతటికీ ముందు వైపు పైన ఒక జత, కింద ఒక జత ఉలి పళ్ళు ఉంటాయి. అవి బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. గట్టి పింగాణీ పొర పంటికి ముందు వైపే ఉంటుంది. వెనక మెత్తగా ఉంటుంది కాబట్టి అది త్వరగా అరుగుతుంది, ముందు అంచు పదునుగా మిగులుతుంది. కొరికే కొద్దీ పదునెక్కే ఉలి అన్నమాట. మట్టి గోడలు, చెక్క తలుపులు దానికి లెక్క కాకపోవడం ఇందుకే.

మన ఇంటి ఎలుకలు, పందికొక్కులు చేరే వర్గానికి చెందిన పాత శిలాజాలు హిమాలయాల కింద శివాలిక్ కొండల మట్టిలో దొరికాయి. వాటి వయసు సుమారు 1 కోటి 40 లక్షల ఏళ్ళు.

*చీకట్లో చూపు ఎందుకు పోయింది?*

ఆఫ్రికాలో, పశ్చిమాసియాలో, అమెరికాలో వేరువేరు ఎలుక కుటుంబాలు దేనికవిగా మట్టి కిందికి దిగాయి. వాటి మధ్య దగ్గర చుట్టరికం లేకపోయినా అన్నిటికీ గొట్టం లాంటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, చిన్న చెవులు వచ్చాయి. చేసే పని ఒకటే కాబట్టి రూపమూ ఒకటే అయింది. పశ్చిమాసియాలోని ఒక రకానికి కళ్ళు చర్మం కిందే మూసుకుపోయాయి. ఆఫ్రికాలో బొచ్చు లేని ఇంకో రకం, ఆక్సిజన్ అసలు లేకుండా 18 నిమిషాలు తట్టుకున్నట్టు 2017లో పరిశోధకులు చూపించారు.

ఇందులో వింతేమీ లేదు. మన పట్టు చిలుకనే చూడండి. రెక్కలున్నా ఎగరలేదు. వేల ఏళ్ళు మనిషి చేతిలో పెరిగింది, ఎగరలేని చిలుకలు కూడా గుడ్లు పెట్టి తరం నిలుపుకున్నాయి. చీకట్లో కన్ను అలాగే పోయింది. ఏ గుణంతో బతుకు గడుస్తుందో అది తరతరాలకీ నిలుస్తుంది, అక్కరలేనిది మెల్లగా జారిపోతుంది.

*మన తోటలో ఎవరున్నారు?*

1. *పందికొక్కు:* ఒళ్ళు బరువు, తోక ఒంటి కంటే పొట్టి. కన్నం ముందు తాజా మట్టి కుప్ప ఉంటుంది, నోరు తరచూ మట్టితో మూసి ఉంటుంది. చిన్న పందికొక్కు లోపల గింజలు దాచుకుంటుంది. గట్లు, నీటి కాలువలు గుల్ల చేసేది ఎక్కువగా ఇదే.

2. *జెర్బిల్ అనే పొలం ఎలుక:* పెద్ద కళ్ళు, కుచ్చు తోక, పొడవాటి వెనక కాళ్ళు. మెట్ట నేలలో ఉంటుంది. కన్నాలు గుండ్రంగా, తెరిచి ఉంటాయి. కొన్ని దార్లు పలచని మట్టి పొర కిందే ఆగిపోతాయి. మనం ఒక వైపు తవ్వితే అటునుంచి దూకి పోతుంది.

3. *ఇంటి ఎలుక:* సన్నటి ఒళ్ళు, తోక ఒంటి కంటే పొడుగు. ఇది ఎక్కే రకం. కప్పు దూలాల మీద, అటక మీద ఉంటుంది. షెడ్డులో గూళ్ళు పోతున్నాయంటే ముందు పైకి చూడండి. తోటలో కలుగులు ఎన్ని తవ్వినా దీనికి ఏమీ కాదు.

*ఏం చేయాలి?*

- సాయంత్రం కలుగులన్నీ మట్టితో మూయండి. పొద్దున తెరుచుకున్నవి లెక్కపెట్టండి. అవే జీవమున్న కలుగులు. పని వాటి మీదే.

- ఒక్కరే చేస్తే పక్క తోట ఎలుక ఖాళీ కలుగులోకి వచ్చి చేరుతుంది. గట్టు కలిసిన రైతులంతా ఒకే వారం చేయాలి.

- గట్లు సన్నగా, కలుపు లేకుండా ఉంచండి. పొగ కుండతో ఎలుకలు పట్టే యానాదుల పని తీరు తెలిసినవాళ్ళు దగ్గర్లో ఉంటే పిలవండి. తర్వాత కలుగు పూర్తిగా తవ్వి చదును చేయండి.

- షెడ్డు పునాది ఎత్తుగా, నున్నగా ఉండాలి. తలుపు అడుగున రేకు కొట్టండి. నీళ్ళు పోయే గొట్టానికి, కప్పు సందులకి ఇనుప జాలీ వేయండి. ఉలి పళ్ళకు లొంగనిది ఇనుమే.

- పురుగులు ఉండగా షెడ్డులో గానీ, ఆకు నిల్వ గదిలో గానీ విషం ఎర వద్దు. బోన్లు చాలు. విషం తిని గోడ సందులో చచ్చిన ఎలుక కంపు ఇంకో తలనొప్పి. దాన్ని తిన్న గుడ్లగూబకూ ముప్పే, అది రాత్రంతా మన తరఫున వేటాడే పక్షి.

- కలుగులో చెయ్యి పెట్టొద్దు, పాము ఉండొచ్చు. ఎలుక మూత్రం కలిసిన తడి మట్టితో ఎలుక జ్వరం వస్తుంది. బూట్లు, గ్లవ్స్ వేసుకోండి. తడిలో పని చేశాక జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తే డాక్టరుకి ఆ సంగతి కూడా చెప్పండి.

పురుగులు నాలుగో జ్వరం లేచేలోపే ఈ పనులు ముగించండి. పండిన పురుగులు చంద్రికలు ఎక్కాక మనకి తీరిక ఉండదు, ఎలుకకి మాత్రం అదే పండగ. మీ తోటలో పొద్దున ఎన్ని కలుగులు తెరుచుకున్నాయో, మట్టి కుప్ప ఉందో లేదో గ్రూపులో రాయండి. అది ఏ ఎలుకో కలిసి తేల్చుకుందాం.