వరి పొలాల్లో కప్పపిల్లల తొలి ఆహారం

నీటిలో పెరిగి నేలకెక్కే ఉభయచరాల్లో సాలమాండర్లు మన దేశంలో తూర్పు హిమాలయ, ఈశాన్య ప్రాంతాలకే పరిమితం. సాగర్ ఎడమ కాలువ కింది మిర్యాలగూడ, కోదాడ మాగాణుల్లోను, సూర్యాపేట వరి పొలాల్లోను ఆ స్థానం కప్పలది.

తోకకప్పలు ఎక్కువగా నాచును తింటాయి. రూపవిక్రియలో పేగు కుదించుకుపోయి, నేలకెక్కిన కప్పపిల్ల మాంసాహారి అవుతుంది. అది కదిలే జీవినే గుర్తిస్తుంది, నోటిలో పట్టేదాన్నే మింగుతుంది. అందుచేత తొలి వారాల్లో దాని మేత చిన్న ఈగలు, చీమలు, పిల్ల దోమలు వంటి చిన్న జీవులే.

అవసరం లేకున్నా పురుగుమందు వాడితే ఈ మేత నశిస్తుంది. పలుచని చర్మం గుండా మందు కప్పపిల్లకూ చేరుతుంది. పురుగులను తినే ఒక తరం ఆ విధంగా ఎదగకుండానే పోతుంది. కనుక పిలకల దశలో దుబ్బుకు 10-15 సుడిదోమలు కనిపించిన తరువాతనే మందు వాడాలని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు సూచించాలి.